ఇంజిన్ కొత్తగా కట్టించిన 1968 అంబాసిడర్: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ పట్టుకోవడం లేదు

సామర్లకోట_అంబీ

అందరికీ నమస్కారం. బండి 1968 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు, 1489 సీసీ. పెద్దాపురం దగ్గర ఒక షెడ్డులో ఏళ్ల తరబడి కోళ్లు గూడు కట్టుకున్న బండి. కొనేటప్పటికే ఇంజిన్ జామ్. దింపి బోరు కొట్టించాను. ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, గైడ్లు, టైమింగ్ చైన్ అన్నీ కొత్తవే. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ బాగుందని పాతదే ఉంచారు. లేత్ పని ఒకచోట, బిగింపు మాత్రం ఇంకో మేస్త్రి దగ్గర జరిగింది. రంగు కూడా వేయించాను, చూడ్డానికి బాగానే ఉంది.

సెల్ఫ్ కొడితే గిరగిరా తిరుగుతుంది కానీ ఒక్క దగ్గు కూడా లేదు. పెట్రోలు కార్బొరేటర్ దాకా వస్తోంది. బ్యాటరీ కొత్తది. "కొత్త ఇంజిన్ బిగువుగా ఉంటుంది సార్, జీపుకి తాడు కట్టి లాగిద్దాం, అదే పట్టుకుంటుంది" అంటున్నాడు మేస్త్రి. లాగించమంటారా?

ఆటోనగర్_బాషా

లాగించొద్దు తమ్ముడూ. బెజవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న రోజుల్లో అందరం అదే చేసేవాళ్లం, కాబట్టి మీ మేస్త్రిని తప్పు పట్టను. కానీ కొత్త రింగులు ఇంకా బోరుకి అలవాటు పడలేదు. మండని పెట్రోలు బోరు గోడల మీద నూనెను కడిగేస్తుంది, కింద ఆయిల్ సంపులోకి కూడా దిగుతుంది. ఆ పొడి బోరులో బండిని ఊరంతా లాగితే ఖర్చు పెట్టి కొట్టించిన బోరు గీతలు పడుతుంది. సైలెన్సర్‌లో చేరిన పెట్రోలు ఒక్కసారిగా అంటుకుంటే ఆ డబ్బా చీలిపోతుంది కూడా.

ఇంకోటి. ఇంజిన్ బిగించాక ఆయిల్ ప్రెషర్ వచ్చిందా? ప్లగ్గులు నాలుగూ విప్పి సెల్ఫ్ కొట్టి, గేజి ముల్లు లేచేదాకా తిప్పారా? అది చేయకుండా ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది చెయ్యి.

పాయింట్_గ్యాప్

ఒక్క దగ్గు కూడా లేదంటే నా అనుమానం ముందు కరెంటు మీదే. ఎంత తప్పుగా బిగించిన ఇంజిన్ అయినా స్పార్కు, పెట్రోలు రెండూ ఉంటే ఎక్కడో ఒకచోట పేలుతుంది, దగ్గుతుంది, తంతుంది. పూర్తిగా మౌనంగా ఉందంటే స్పార్కు లేదనే లెక్క. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని బ్లాకుకి గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టండి. కార్బొరేటర్‌కి, విప్పిన ప్లగ్గు కన్నానికి దూరంగా పెట్టి చూడండి. పక్కన ఇసుక బకెట్టో, మంటలార్పే సిలిండరో ఉండాలి, ఇది మాటవరసకి చెప్పడం లేదు.

రంగు వేయించానన్నారు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ వేశారా? రంగు మీదే బిగించారా? అక్కడ ఎర్త్ సరిగ్గా లేకపోతే సెల్ఫ్ మోటారు కరెంటు చోక్ కేబుల్ మీదుగా వెనక్కి వెళ్తుంది, కేబుల్ కాలుతుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే చోక్ కేబుల్ చేత్తో పట్టుకుని చూడండి.

పద్మిని_ఓరుగల్లు

అంబీ వాళ్లకి ఇన్ని కష్టాలు ఎందుకో. మా ఫియట్‌కి 1089 సీసీ ఇంజిన్ చాలు, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే పలుకుతుంది 😀

సరదాకి అన్నానులెండి. ఒక సలహా: ఈ ఇంజిన్ మొరాయిస్తుంటే ఇసుజు 1.8 ఇంజిన్ ఎక్కించెయ్యండి. 90ల నుంచి అంబాసిడర్లకే వచ్చిన ఇంజిన్, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. ఏసీ కూడా లాగుతుంది.

పాయింట్_గ్యాప్

ఆ సలహా పాటించే ముందు ఒకటి ఆలోచించండి. బండి 1968ది, అంటే యాభై ఏళ్లు దాటింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అర్హత ఉంది. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు చేస్తే అది వింటేజ్ కిందికి రాదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. వింటేజ్ కింద పెడితే రోజూ ఆఫీసుకి తిప్పడం మాత్రం కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతు, పెట్రోలు కొట్టించుకోవడం, ఇలాంటి వాటికే. బండిని దేనికి ఉంచుకుంటున్నారో తేల్చుకున్నాక ఇంజిన్ మార్పు సంగతి.

సామర్లకోట_అంబీ

ఇసుజు ఆలోచన లేదండీ, ఇదే ఇంజిన్ పలకాలి.

బాషా గారూ, మీరు చెప్పినట్టే ప్లగ్గులు విప్పి తిప్పాను. ఆయిల్ ప్రెషర్ వచ్చింది, గేజి ముల్లు బాగానే లేచింది. ఎర్త్ పట్టీ కింద రంగు ఉన్న మాట నిజమే. గీకి, ఉప్పు కాగితం పట్టించి మళ్లీ బిగించాను. చోక్ కేబుల్ చల్లగానే ఉంది.

స్పార్కు మాత్రం లేదు. నాలుగు ప్లగ్గుల్లోనూ లేదు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు తీసి బ్లాకుకి దగ్గరగా పెట్టినా లేదు. కాయిల్ మార్చమని మేస్త్రి అంటున్నాడు.

పాయింట్_గ్యాప్

కాయిల్ ఇప్పుడే కొనకండి. ఒక చిన్న 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు చాలు. బల్బు ఒక వైరు ఎర్త్‌కి, రెండోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వైరు ఉన్న కొసకి తగిలించండి. కీ ఆన్ చేసి, ప్లగ్గులు విప్పే ఉంచి, హ్యాండిల్‌తో ఇంజిన్ నెమ్మదిగా తిప్పండి. డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని కలిపీ విడదీసే చిన్న స్విచ్చు, మూసుకున్నప్పుడు బల్బు ఆరాలి, తెరుచుకున్నప్పుడు వెలగాలి.

ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు ఎర్త్‌కి కలవడం లేదు. కొత్త పాయింట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా ఒక పలుచని పొర పూసి పంపుతారు, అది తుడవకపోతే ఇలాగే అవుతుంది. ఎప్పుడూ వెలగకపోతే సాధారణంగా రెండు కారణాలు. కాయిల్‌కి కరెంటే రావడం లేదు, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో ఎర్త్ అయిపోయింది. కాయిల్ రెండో కొసకి బల్బు పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది.

సామర్లకోట_అంబీ

కాయిల్‌లోకి కరెంటు వచ్చే కొస దగ్గర బల్బు వెలుగుతోంది. డిస్ట్రిబ్యూటర్ వైపు కొస దగ్గర ఎంత తిప్పినా వెలగడం లేదు.

ఆటోనగర్_బాషా

దొరికింది. పాయింట్ల స్ప్రింగు పట్టుకునే చిన్న పోస్టు ఉంటుంది చూడు, దాని మీద నల్లటి బుష్ ఉంటుంది, గింజంత. నట్టు విప్పి ఏది ముందు, ఏది తర్వాత వేశారో ఫోటో పెట్టు. లోపల పడకుండా కింద గుడ్డ పరిచి విప్పు, ఆ బుష్ పోతే మళ్లీ ఊరంతా వెతకాలి.

సామర్లకోట_అంబీ

ఫోటో పెట్టాను. కింద ఒక గుండ్రని ఫైబర్ వాషర్, దాని మీద స్ప్రింగు కొస, ఆ పైన నల్ల బుష్. బుష్ పైన కండెన్సర్ వైరు, కాయిల్ వైరు, తర్వాత నట్టు.

ఆటోనగర్_బాషా

అదే. రెండు వైర్ల కళ్లూ బుష్ పైన పెట్టి నట్టుతో నొక్కేశారు. అంటే వైర్లు నేరుగా పోస్టుకి తగులుతున్నాయి, పోస్టు ఎర్త్. పాయింట్లు తెరుచుకున్నా మూసుకున్నా కాయిల్‌కి ఒక్కటే.

బుష్‌కి టోపీ లాంటి అంచు ఉంటుంది. బుష్ గొట్టం రెండు వైర్ల కళ్లలోంచీ, స్ప్రింగు కన్నంలోంచీ దూరి కిందికి రావాలి. వైర్లు స్ప్రింగుకి మాత్రమే ఆనాలి. పైన బుష్ అంచు, దాని మీద నట్టు. వైరు కొసలు పక్కకి తిరిగి డిస్ట్రిబ్యూటర్ గోడకి తగలకుండా చూసుకో. బిగించాక పాయింట్ల మధ్య ఎడం 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్గులకి 25 థౌ.

కవెంట్రీ_కుర్రోడు

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. నా దగ్గర ఎంజీబీ కారు ఉంది. మీ 1489 ఇంజినూ నా 1798 సీసీ ఇంజినూ ఒకే కుటుంబం, రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బి సిరీస్. అంబాసిడర్ తల్లి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఇక్కడి కౌలీ ఫ్యాక్టరీలో తయారైన బండే కదా. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తీశారు కాబట్టి ఆ రూపం పుట్టిన చోట కంటే మన దగ్గరే ఎక్కువ కాలం బతికింది.

ఆ నల్ల బుష్ తికమక ఇక్కడా మామూలే. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. కొత్త కండెన్సర్లు, రోటర్లు ఇప్పుడు నాసిరకంవి చాలా వస్తున్నాయి. పాతవి పని చేసేవైతే పారేయకండి. కొత్తది వేసి ఇబ్బంది వస్తే ముందు పాతది వేసి చూడండి.

సామర్లకోట_అంబీ

బాషా గారికి దండం. బుష్ సరిచేశాను, పాయింట్లు తుడిచాను. నాలుగు ప్లగ్గుల్లోనూ నీలం స్పార్కు, టప్ టప్‌మని చప్పుడు వినిపిస్తోంది.

కానీ బండి ఇంకా స్టార్ట్ కాలేదు. ఇప్పుడు దగ్గుతోంది, అప్పుడప్పుడు కార్బొరేటర్ లోంచి తుప్పున కొడుతోంది. ఎయిర్ క్లీనర్ తీసి చూస్తే కార్బొరేటర్ నోటి దగ్గర పెట్రోలు మంచులా ఎగజిమ్ముతోంది. సెల్ఫ్ ఆపితే ఆగిపోతుంది.

పద్మిని_ఓరుగల్లు

డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరగేసి పెట్టారు. రీబిల్డ్ ఇంజిన్లలో వందకి తొంభై ఇదే. ప్లగ్గు వైర్లు ఒకటీ నాలుగూ అటూ ఇటూ, రెండూ మూడూ అటూ ఇటూ మార్చి సెల్ఫ్ కొట్టండి.

కవెంట్రీ_కుర్రోడు

కావచ్చు, కానీ మార్చే ముందు చూసుకోవచ్చు, పని తక్కువ. రాకర్ కవర్ తీయండి. రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్. పుల్లీ మీది గుర్తు టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి, తెచ్చి నాలుగో సిలిండర్ వాల్వులు చూడండి. ఒకటి మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఊగుతున్నాయంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఒకటో ప్లగ్గు వైరు వైపు చూడాలి. నాలుగో వైరు వైపు చూస్తే పద్మిని గారు చెప్పింది నిజం.

ఈ ఇంజిన్‌లో రోటర్ అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. క్యాప్ మీద ఆ వరుసని సవ్యదిశలో వేస్తే ఒకటీ నాలుగూ సరిగ్గానే పడతాయి, మూడూ రెండూ తారుమారవుతాయి. అప్పుడు కూడా ఇలాగే దగ్గుతుంది.

సామర్లకోట_అంబీ

వైర్ల వరుస అపసవ్యంగానే ఉంది, 1-3-4-2 సరిగ్గానే ఉంది. నాలుగో సిలిండర్ వాల్వులు ఊగుతున్నప్పుడు రోటర్ ఒకటో వైరు వైపే చూస్తోంది. కాబట్టి 180 తేడా లేదు.

పెట్రోలు పాతదేమో అని మార్చాను, తాజాదే. ఎందుకైనా మంచిదని ఒక గంట ఆగి, చోక్ లాగి, చోక్ లేకుండా, యాక్సిలరేటర్ తొక్కి, అన్ని రకాలుగా ప్రయత్నించాను. అదే తుప్పుమనే చప్పుడు, అదే పొగమంచు. డిస్ట్రిబ్యూటర్ ఫోటో కూడా పెడుతున్నాను, ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి.

శ్రీలత_హెరాల్డ్

హైదరాబాద్ నుంచి. నా బండి స్టాండర్డ్ హెరాల్డ్, ఇంజిన్ వేరు, కానీ ఫోటోలో ఒకటి కళ్లకి కొట్టింది.

డిస్ట్రిబ్యూటర్ ఒంటిని సవ్యదిశలో పోయినంత దూరం తిప్పేశారు. వ్యాక్యూమ్ డబ్బా బ్లాకుకి ఆనినట్టుంది. రోటర్ అపసవ్యంగా తిరిగే ఇంజిన్‌లో ఒంటిని సవ్యంగా తిప్పితే స్పార్కు ముందుకి జరుగుతుంది. అంటే బిగించినవాళ్లు స్పార్కుని ముందుకి తెద్దామని చివరిదాకా తిప్పారు, ఇంకా చాలలేదు. మామూలుగా బిగించిన ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ మధ్యలో ఎక్కడో ఉండాలి.

డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామ్ షాఫ్ట్. స్పార్కు అంత వెనక పడిందంటే క్యామే వెనక పడి ఉండవచ్చు. మీరు "నాలుగో సిలిండర్ వాల్వులు ఊగుతున్నప్పుడు" అని రాశారు. నాకు కావలసింది అది కాదు. పుల్లీ గుర్తు సరిగ్గా టీడీసీ మీద ఉన్నప్పుడు ఆ వాల్వులు ఏం చేస్తున్నాయి?

దాంతోపాటు కంప్రెషన్ కూడా చూడండి. గేజి అద్దెకైనా తెచ్చుకోండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, ఎస్‌యూ కార్బొరేటర్ పిస్టన్ పైకి ఎత్తి ఉంచి చూడాలి. లేకపోతే గాలి అందక తక్కువ చూపిస్తుంది.

ఆటోనగర్_బాషా

చెల్లెమ్మ మంచి మాట అడిగింది. కార్బొరేటర్ నోట్లో పొగమంచు అన్నప్పుడే నాకూ అనిపించింది, ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటోందని. పిస్టన్ పైకి వస్తున్నా వాల్వు తెరిచే ఉంటే, పీల్చిన పెట్రోలు గాలినంతా వచ్చిన దారినే నెడుతుంది.

సామర్లకోట_అంబీ

గేజి కాకినాడ నుంచి తెచ్చాను. ఒకటి 65, రెండు 60, మూడు 65, నాలుగు 62, అన్నీ పీఎస్ఐలో. చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ఓ అయిదారు పెరిగింది, అంతే.

పుల్లీ గుర్తు టీడీసీ మీద పెట్టి చూశాను. చివరి వాల్వు, అంటే రేడియేటర్ వైపు నుంచి ఎనిమిదోది, ఇంకా బాగా నొక్కి ఉంది. ఏడోది పూర్తిగా వదులు, రాకర్ చేత్తో ఊపితే టిక్కు టిక్కుమంటోంది. హ్యాండిల్ ఇంకా తిప్పుతూ పోతే పుల్లీ గుర్తు రెండు మూడు వేళ్ల వెడల్పు దాటాక రెండూ ఊగడం మొదలైంది.

మేస్త్రికి చూపించాను. బోరు సరిగ్గా లేదు, లేత్ వాళ్లని అడగమంటున్నాడు. లేత్ వాళ్లు బిగింపు తప్పంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్.

శ్రీలత_హెరాల్డ్

బోరు తప్పయితే ఆయిల్ పోసినప్పుడు రీడింగ్ బాగా లేవాలి, అది లేవలేదు. పక్కపక్క రెండు సిలిండర్లు మాత్రమే పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్‌ని అనుమానించేదాన్ని. ఒక్కటే పడిపోతే ఆ వాల్వుని. నాలుగూ ఒకే రకంగా పడిపోయాయి కాబట్టి నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదే తప్పు. లేత్ వాళ్లతో గొడవ పెట్టుకోకండి.

ఈ ఇంజిన్‌లో చివరి వాల్వు ఎగ్జాస్ట్, దాని పక్కది ఇన్‌లెట్. టీడీసీ దగ్గర ఎగ్జాస్ట్ దాదాపు మూసుకుంటూ ఉండాలి, ఇన్‌లెట్ తెరుచుకోవడం మొదలుపెట్టాలి. మీ దగ్గర ఎగ్జాస్ట్ ఇంకా తెరిచి ఉంది, ఇన్‌లెట్ కదలనే లేదు. క్యామ్ వెనకబడి ఉంది. కాస్త అటూ ఇటూ తేడా అయితే పట్టించుకునేదాన్ని కాదు. రెండు మూడు వేళ్ల వెడల్పు అంటే టైమింగ్ చైన్ ఒక పన్ను కాదు, రెండు పళ్లు తప్పి ఉండవచ్చు.

ట్యాపెట్ల ఎడం (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ) ఒకసారి చూశారా? మరీ బిగువుగా ఉంటే వాల్వులు మూసుకోక కంప్రెషన్ ఇలాగే పడిపోతుంది.

సామర్లకోట_అంబీ

చూశాను, అన్నీ 15 థౌ. మొత్తం తొమ్మిది వచ్చే లెక్కతో చూశాను, ఎనిమిదోది పూర్తిగా నొక్కి ఉన్నప్పుడు ఒకటోది, అలా.

పద్మిని_ఓరుగల్లు

టైమింగ్ చైన్ తిరిగే పళ్ల చక్రాల, అంటే స్ప్రాకెట్ల మీద చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి. మీ మేస్త్రి రెండు చుక్కలూ పైకి పెట్టి ఉంటాడు. అదే తప్పు.

కవెంట్రీ_కుర్రోడు

అది తప్పే కాదండీ. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. చుక్కలు రెండూ ఒకే వైపు ఉంటే, క్రాంక్ ఇంకో చుట్టు తిప్పండి, క్యామ్ చుక్క సగం తిరిగి క్రాంక్ చుక్కకి ఎదురుగా వస్తుంది. వాల్వుల టైమింగ్‌కి తేడా ఉండదు. డిస్ట్రిబ్యూటర్ డ్రైవు బిగించేటప్పుడు మాత్రం ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉందా, ఎగ్జాస్ట్‌లో ఉందా అని చూసుకోవాలి, అంతే. ఇక్కడ తేడా సగం చుట్టు కాదు, రెండు పళ్లు. అది వేరే తప్పు.

పద్మిని_ఓరుగల్లు

ఒక్క నిమిషం కాగితం మీద గీసి చూశాను. నిజమే.

ఆటోనగర్_బాషా

ముందు కవర్ విప్పాల్సిందే తమ్ముడూ. ఇంజిన్ దింపనక్కర్లేదు. రేడియేటర్ తియ్యి, ఫ్యాన్ బెల్టు, తర్వాత పుల్లీ. పుల్లీ పట్టుకునే నట్టే హ్యాండిల్ దూరే నట్టు, దాని కింద లాక్ వాషర్ మడత విప్పి అప్పుడు తిప్పు.

ఒక విషయం. విప్పే ముందు టీడీసీ నిజంగా టీడీసీయేనా అని చూసుకో, పుల్లీ వేరే ఇంజిన్‌దై ఉండవచ్చు. ఒకటో ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెట్టి హ్యాండిల్ తిప్పితే గాలి వేలిని తన్నుతుంది, ఆ వెంటనే గుర్తు రావాలి. కన్నంలో చువ్వలూ సైకిల్ పుల్లలూ పెట్టొద్దు. ఈ ఇంజిన్‌లో ప్లగ్గు పక్కవాటుగా ఉంటుంది, వంగి ఇరుక్కుంటే హెడ్ దింపాలి.

సామర్లకోట_అంబీ

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి కవర్ విప్పాం. మేస్త్రి కూడా వచ్చాడు. గుర్తులు చూసి అతనే "ఇదిగో సార్, ఎదురెదురుగానే ఉన్నాయి" అన్నాడు. నిజంగానే ఎదురెదురుగానే ఉన్నాయి. నేను డీలా పడిపోయాను.

టార్చి వేసి కిరోసిన్‌తో క్యామ్ స్ప్రాకెట్ తుడిస్తే అప్పుడు కనబడింది. దాని మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి నున్నగా, గుండ్రంగా, ఫ్యాక్టరీలో పడిన గుంట. దానికి రెండు పళ్ల అవతల ఇంకోటి, సెంటర్ పంచ్‌తో కొట్టినట్టు మొనదేలి ఉంది. ఎప్పుడో పాత ఓవర్‌హాల్‌లో ఎవరో తమ గుర్తు కోసం కొట్టుకున్నదై ఉంటుంది. ఫ్యాక్టరీ గుంటలో పాత నూనె గట్టిపడి పూడిపోయింది, పంచ్ గుర్తు మెరుస్తోంది. మేస్త్రి మెరిసేదాన్ని చూసి బిగించాడు. చైన్ కొత్తదే గానీ స్ప్రాకెట్లు పాతవే.

ఫోటో పెట్టాను, చూడండి.

శ్రీలత_హెరాల్డ్

అబ్బ, ఎంత బాగా దాక్కుంది! ఆ పంచ్ గుర్తుని ఆకురాయితో గానీ రంగుతో గానీ చెరిపెయ్యండి. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరైనా విప్పుతారు.

కవెంట్రీ_కుర్రోడు

మళ్లీ బిగించేటప్పుడు రెండు స్ప్రాకెట్లనీ చైన్‌లో పెట్టి, రెండు షాఫ్టుల మీదికీ ఒకేసారి జరపాలి. విడివిడిగా ఎక్కించి చైన్ లాగితే మళ్లీ పన్ను తప్పుతుంది. క్రాంక్ స్ప్రాకెట్ వెనక పలుచని షిమ్ములు ఉంటాయి, అవి పోగొట్టుకోకండి, రెండు స్ప్రాకెట్లూ ఒకే వరుసలో ఉండేది వాటి వల్లే. ముందున్న ఆయిల్ రేకు మీద ఎఫ్ అని ఉంటే అది బయటికి కనబడాలి. కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీ ఎక్కించి, సీలు మధ్యకి వచ్చాక బిగించండి. లేకపోతే ఆయిల్ కారుతుంది, మళ్లీ రేడియేటర్ విప్పుకోవాలి.

ఆటోనగర్_బాషా

బిగించాక సెల్ఫ్ జోలికి పోకు. ప్లగ్గులు విప్పి హ్యాండిల్‌తో రెండు చుట్లు నెమ్మదిగా తిప్పు. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఉంటే ఆపు. తర్వాత వాల్వులు చూసుకో. డిస్ట్రిబ్యూటర్ మధ్యకి తెచ్చి బల్బుతో టైమింగ్ పెట్టు, బల్బు వెలిగిన క్షణమే స్పార్కు.

పెట్రోలుతో తడిసిన ఇంజిన్ ఆయిల్ మొత్తం మార్చెయ్యి. డిప్ స్టిక్ వాసన చూడు, నీకే తెలుస్తుంది.

సామర్లకోట_అంబీ

పలికింది!!

సెల్ఫ్ కొట్టిన వెంటనే పట్టుకుంది. వీడియో కింద ఉంది. వెనక ఆ కేకలు మా ఆవిడవి, భయంతో కాదు, పొగ చూసి.

కంప్రెషన్ ఇప్పుడు నాలుగూ 115 నుంచి 120 మధ్య. డిస్ట్రిబ్యూటర్ మధ్యలోనే ఉంది. డిప్ స్టిక్ నిజంగానే పెట్రోలు వాసన కొట్టింది, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేశాను. మేస్త్రి కూలీ తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను. పని చెడ్డది కాదు అతనిది, మిగతా బిగింపంతా శుభ్రంగా ఉంది.

ఇప్పుడేం చేయాలి? ఐడ్లింగ్‌లో వదిలెయ్యనా?

ఆటోనగర్_బాషా

మొదటి పది పదిహేను నిమిషాలు ఐడ్లింగ్‌లో వదలొద్దు. ఇంజిన్ నిమిషానికి 1500, 2000 చుట్ల మధ్య ఉంచు, మధ్యమధ్యలో కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉండు. కళ్లు ఆయిల్ గేజి మీద, వేడి ముల్లు మీద. పూర్తిగా చల్లారాక మాన్యువల్ చెప్పిన టార్కుతో హెడ్ నట్లు వరుస ప్రకారం మళ్లీ బిగించు. ఆ తర్వాతే ట్యాపెట్లు. ముందు ట్యాపెట్లు పెట్టి తర్వాత హెడ్ బిగిస్తే ఎడం మారిపోతుంది. తొలి ఎనిమిది వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చెయ్యి, 20డబ్ల్యూ50 మినరల్ ఆయిల్ చాలు. ఈ లోపు బండిని మరీ ముద్దుగా నడపొద్దు, ఎత్తు మీద కాస్త లాగనివ్వు, రింగులు అప్పుడే కూర్చుంటాయి.

కవెంట్రీ_కుర్రోడు

ఇంకో మాట. ఇప్పుడు మన దగ్గర బంకుల్లో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, వస్తోంది. పాత రబ్బరు పైపుల్ని ఇథనాల్ మెత్తబరుస్తుంది. ఇంజిన్ చేయించినా ట్యాంకు నుంచి పంపు దాకా పైపు పాతదే అయితే మార్చండి. పైపు మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నది అడగండి. పెట్రోలు పంపు డయాఫ్రమ్ కూడా చూసుకోండి, అది చిల్లిపడితే పెట్రోలు మళ్లీ ఆయిల్‌లోకే దిగుతుంది. బండి నెలల తరబడి ఆపేటట్టయితే ట్యాంకులో నిల్వ ఉంచకండి.

పద్మిని_ఓరుగల్లు

వీడియో చూశాను. ఆ పొగ ఎంతసేపు వచ్చింది? నీలమా, తెలుపా?

సామర్లకోట_అంబీ

మొదట నీలంగా, దట్టంగా. కంప్రెషన్ చూసినప్పుడు పోసిన ఆయిల్ అనుకుంటా. పావుగంటకి పలచబడింది. ఇప్పుడు ఐడ్లింగ్‌లో కొంచెం నల్లగా ఉంది, ప్లగ్గులు మసి పట్టాయి.

శ్రీలత_హెరాల్డ్

నలుపంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఎస్‌యూ కార్బొరేటర్ కింద జెట్ నట్టు (పెట్రోలు మోతాదు సర్దేది) ఇప్పుడు ఎక్కడుంది? పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి పన్నెండు ముఖాలు, అంటే రెండు చుట్లు కిందికి దింపి మొదలుపెట్టండి. పైన డ్యాష్‌పాట్‌లో నూనె ఉందో లేదో చూడండి. చోక్ లోపలికి తోసినప్పుడు జెట్ పూర్తిగా పైకి వస్తోందా? ఇంజిన్ వేడెక్కాకే సర్దండి, ఒక్కో ముఖం చొప్పున.

సామర్లకోట_అంబీ

చోక్ తోసినా జెట్ ఒక మిల్లీమీటరు కిందే ఆగిపోతోందండీ, కేబుల్ బిగువుగా ఉంది. సాయంత్రం కేబుల్ వదులు చేసి చూసి రాస్తాను.